కొన్నవాడిదేనా ఇల్లు?

హనుమకొండలో నాకు తెలిసిన ఉపాధ్యాయురాలొకరు 3 యేళ్ళ గడువుతో ఒక ఇంట్లో కిరాయికి దిగారు. 14 నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం ఇంటి యజమాని తమ్ముడు నలుగురు కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. వారు చెప్పులతోనే వంటింట్లోకి వెళ్ళారు. గోడలు తట్టి చూశారు. టేపు పెట్టి గదులు కొలిచారు. నిద్రపోతున్న పిల్లవాడి మంచం పక్కకు జరిపి, కిటికీ కింద చెమ్మ వున్నదేమోనని పరీక్షించారు. ఆమెతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. పదిరోజుల తరువాత బ్రోకరు ఫోను చేశాడు: "మేడమ్, ఇల్లు అమ్ముడుపోయింది. నెలాఖరుకు తాళాలు ఇచ్చేయండి. అడ్వాన్సు సంగతి పాత ఓనరునే అడగండి."

ఆమె సలహా కోసం నలుగురిని అడిగారు. పక్కింటివారు, బడిలో హెడ్మాస్టరు, సొంత అన్నగారు, చివరకు మన అభ్యుదయ సాహిత్య సభల్లో ముందు వరుసలో కూర్చునే మిత్రుడొకరు. నలుగురూ ఒకే మాట చెప్పారు: "కొన్నవాడిది ఇల్లు గదా, ఏం చేస్తాం?"

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యానికి జవాబు. మొదటి ముగ్గురి మీద నాకు కోపం లేదు. లోకం వారికి నేర్పిన మాటే వారు చెప్పారు. నాలుగో మిత్రుడి సంగతి వేరు. ఆస్తి అనేది మనిషికీ వస్తువుకూ వుండే సంబంధం కాదనీ, మనుషుల మధ్య వుండే సంబంధమనీ ఆయన ఇరవై సభల్లో ఉపన్యసించారు. తీరా ఒక మనిషి ఆ సంబంధం కింద నలుగుతూ ఎదుట నిలబడితే, దళారి నోట పలికిన మాటే ఆయన నోటా పలికింది. మన సిద్ధాంతం వేదిక దిగి వీధిలోకి రాదా?

ముందు చట్టమే చూద్దాం. అది విప్లవకారులు రాసిన చట్టం కాదు. 1882లో, బ్రిటిష్ పాలనలో, ఆస్తిపరుల లావాదేవీలు సాఫీగా సాగడానికి చేసిన ఆస్తి బదలాయింపు చట్టం. ఆ చట్టంలోని 109వ సెక్షను ఏమంటున్నది? కౌలుకో కిరాయికో ఇచ్చిన ఆస్తిని యజమాని అమ్మితే, కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. పాత యజమాని హక్కులన్నీ అతనికి వస్తాయి. అద్దెదారు కోరితే పాత యజమాని బాధ్యతలూ అతని మీద పడతాయి. అద్దెదారు కొత్తగా ఒప్పుకోనక్కరలేదు, కొత్త కాగితం రాయనక్కరలేదు. గడువు ఎంత మిగిలివుందో అంతా అలాగే మిగులుతుంది. అమ్మకం సంగతి తెలియక పాత యజమానికే నమ్మకంతో కిరాయి చెల్లించివుంటే, దానిని మళ్ళీ కొత్త యజమానికి చెల్లించనక్కరలేదు. ఇంత స్పష్టంగా వున్నది. ఇల్లు చేతులు మారుతుంది. లీజు ఇంటితోపాటే నడుస్తుంది.

"ఇంట్లో ఎవరో వున్నారని నాకు తెలియదు, ఖాళీ ఇల్లనుకుని కొన్నాను" అని కొనుగోలుదారు అనవచ్చునా? అనరాదు. ఒక ఆస్తిలో ఎవరైనా స్వయంగా కాపురముంటే, వారికున్న హక్కు ఏమిటో కొనేవాడికి తెలిసినట్లే లెక్క అని అదే చట్టం 3వ సెక్షనుకు రాసిన వివరణ చెబుతున్నది. వాకిట్లో ముగ్గు, తీగమీద పిల్లల బట్టలు, పొయ్యిమీద పాలు ఇవన్నీ చట్టం దృష్టిలో నోటీసులే. కళ్ళు మూసుకుని కొన్నవాడు తన కళ్ళకు తానే బాధ్యుడు.

కాబట్టి "కొన్నవాడిది ఇల్లు" అనే మాటలో సగమే నిజం. కొన్నవాడు కొన్నది 22 నెలలు మరొకరు కాపురముండే హక్కు గల ఇల్లు. ఖాళీ ఇల్లు అతను కొననూ లేదు, అతనికి అమ్మనూ లేదు. అమ్మకందారు చేతిలో లేని దానిని అతను ఎలా అమ్మగలడు?

ఈ సూత్రం ఆకాశంనుంచి ఊడిపడలేదు. దీనికి చరిత్ర వున్నది. ప్రాచీన రోమన్ న్యాయశాస్త్రంలో అద్దెదారుకు ఇంటిమీద ఏ హక్కూ లేదు. ఒప్పందం చేసిన యజమానిమీద మాత్రమే అతనికి హక్కు. కొన్నవాడు వచ్చి గెంటివేస్తే వీధిలో నిలబడి, పాత యజమాని మీద నష్టపరిహారపు దావా వేసుకోవలసిందే. అమ్మకం అద్దెను తెంచివేస్తుందన్న ఈ సూత్రాన్ని శతాబ్దాల తరబడి న్యాయపండితులు వల్లించారు. ఫ్రెంచి విప్లవం తరువాత 1804లో వచ్చిన పౌరస్మృతి దీనిని తలకిందులు చేసి, అధికారికంగా రాసిన లేదా తేదీ నిర్ధారణ అయిన లీజు వున్న అద్దెదారును కొన్నవాడు వెళ్ళగొట్టరాదని శాసించింది. జర్మనీలో 1888 నాటి పౌరస్మృతి తొలి ముసాయిదా మళ్ళీ రోమన్ సూత్రాన్నే పట్టుకున్నది. ముసాయిదా మీద విమర్శలు చెలరేగాయి. ఆస్తిలేని వర్గాల దృష్టితో దానిని పరిశీలించి ఆంటన్ మెంగర్ 1890లో పుస్తకమే రాశాడు. చివరకు 1900 జనవరి 1న అమలులోకి వచ్చిన స్మృతిలో, అమ్మకం అద్దెను తెంచదన్న సూత్రమే నిలిచింది.

మిత్రులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బూర్జువా న్యాయశాస్త్రం కూడా వందేళ్ళకు పైగా పోట్లాడి ఒప్పుకున్న సంగతిని, హనుమకొండ వీధిలో ఒక అభ్యుదయవాది నిమిషంలో వదులుకున్నాడు!

అయితే నాణేనికి రెండో వైపు చూడకపోతే మనం చట్టాన్ని కీర్తించే వకీళ్ళుగా మిగిలిపోతాం. సూత్రం ఇంత గట్టిగా వుంటే ఆ ఉపాధ్యాయురాలు ఎందుకు వణికిపోయారు? ఎందుకంటే కుడిచేత్తో ఇచ్చిన దానిని చట్టం ఎడమచేత్తో లాక్కున్నది. అదే చట్టంలోని 107వ సెక్షను ప్రకారం యేడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. కాకపోతే అందులో రాసిన 3 యేళ్ళ గడువు చెల్లదు. నివాసపు ఇల్లయితే అది నెలవారీ కిరాయిగా మారిపోతుంది. నెలవారీ కిరాయిని 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఆమె దగ్గరున్నది 100 రూపాయల స్టాంపు కాగితం, దానిమీద రెండు సంతకాలు, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ లేదు. "ఎందుకండీ ఖర్చు, మనం మనం మనుషులం గదా" అని యజమాని అన్నాడు. మనుషులం అన్న మాట ఇల్లు అమ్మేరోజున అతనికి గుర్తు రాలేదు.

మన పట్టణాల్లో 11 నెలల ఒప్పందం అనే ఆచారం ఎలా పుట్టిందనుకున్నారు? యేడాదికి ఒక నెల తగ్గిస్తే రిజిస్ట్రేషన్ తప్పుతుందని లెక్క. రిజిస్ట్రేషన్ తప్పితే స్టాంపు సుంకం తప్పుతుందని ఆశ. అది రెండు పక్షాలకూ లాభమని చెబుతారు. నిజానికి సుంకంతోపాటు తప్పిపోయేది అద్దెదారు భద్రత. రిజిస్టరయిన లీజు వుంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో కనబడుతుంది. కొనేవాడు దానిని చూసి ధర కడతాడు. రిజిస్టరు కానిది ఎక్కడా కనబడదు. యేళ్ళ తరబడి ఒకే ఇంట్లో వున్న కుటుంబం ప్రభుత్వ పుస్తకాల్లో ఒక్క అక్షరంగానైనా వుండదు.

దీనికి తోడు అచ్చు కాగితాల బెడద. జిరాక్సు దుకాణాల్లో దొరికే కిరాయి ఒప్పందాల్లో తరచు ఒక షరతు వుంటుంది: యజమాని ఇల్లు అమ్ముకొన్నచో ఒక నెల నోటీసుపై ఖాళీ చేయవలెను. వేరే ఒప్పందం లేనప్పుడే 109వ సెక్షను వర్తిస్తుంది గనుక, ఈ ఒక్క పంక్తి ఆ సెక్షను ప్రాణం తీస్తుంది. ఇది ఇరుపక్షాలూ స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందమంటారు. పిల్లల బళ్ళు తెరిచే జూన్ నెలలో, నాలుగు వీధులు తిరిగి అలసిపోయి, దొరికిన ఒక్క ఇంటి ముందు నిలబడిన మనిషికి ఏ షరతును కొట్టివేసే స్వేచ్ఛ వున్నది?

"కిరాయి నియంత్రణ చట్టం వున్నది గదా" అని కొందరు అడుగుతారు. వున్నది. మద్రాసు రాష్ట్రపు 1949 చట్టాన్నీ, హైదరాబాదు రాష్ట్రపు 1954 చట్టాన్నీ తీసివేసి 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒక చట్టం చేశారు. కిరాయి కావాలని ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి స్వయంగా ఇల్లు అవసరం కావడం వంటి కారణాలు చూపితేనే ఖాళీ చేయించాలని అది కట్టడి చేసింది. ఇల్లు అమ్మడం ఆ కారణాల్లో లేదు. కాని ఆ చట్టం పుట్టుకతోనే 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళన్నిటినీ వదిలిపెట్టింది. 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. 2005లో సవరణ చేసి, కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల కిరాయి 3500 రూపాయలు, తక్కిన చోట్ల 2000 రూపాయలు దాటిన ఇళ్ళను చట్టం పరిధినుంచి తప్పించారు. ఆ ఉపాధ్యాయురాలు కడుతున్న కిరాయి 9000. ఇవాళ హైదరాబాదులోగాని వరంగల్‌లోగాని 3500 రూపాయలకు రెండుగదుల ఇల్లు చూపించండి! చట్టం పుస్తకంలో బతికే వున్నది. దాని కింద తలదాచుకోవలసినవారిలో అధికభాగం బయటనే వున్నారు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది బలమైనదే. యజమానులందరూ కోటీశ్వరులా? రిటైరైన గుమాస్తా వుంటాడు, జబ్బుపడ్డ భార్య వుంటుంది, కూతురి పెళ్ళి వుంటుంది, వున్న ఒక్క ఇల్లూ అమ్ముకోవలసివస్తుంది. అద్దెదారు గడువు అతనికి గుదిబండ కాదా?

నేను కాదనను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత అతని చెమటలోంచే పుట్టింది. అతన్ని అమ్ముకోవద్దని ఎవరూ అనడంలేదు. ఇప్పుడే అమ్ముకోవచ్చు. ప్రశ్న ధర గురించి మాత్రమే. లెక్కకోసం ఖాళీ ఇల్లు 60 లక్షలు పలుకుతుందనుకుందాం. 22 నెలల గడువుగల అద్దెదారు వుంటే అదే ఇంటికి 57 లక్షలే ఇస్తానంటాడు కొనేవాడు. ఈ 3 లక్షల తేడా ఏమిటి? అది అద్దెదారు గడువు విలువ. ఆమె నెలనెలా కిరాయి కడుతూ నిలుపుకున్న గడువు. ఆమెను ముందే వెళ్ళగొట్టి ఇంటిని 60 లక్షలకు అమ్మితే ఆ 3 లక్షలు యజమాని జేబులోకి పోతాయి. లారీ కిరాయి, కొత్త అడ్వాన్సు, పిల్లవాడి బడి మార్పు ఆమె జేబులోంచి పోతాయి. ఒకరి సొమ్ము మరొకరు తీసుకోవడానికి మన భాషలో వేరే మాట వున్నది. దానికి "ఖాళీ చేయించడం" అని పేరు పెట్టినంతమాత్రాన మర్యాద వస్తుందా?

నిజంగా అవసరంలో వున్న యజమానికి దారి వున్నది. అద్దెదారుతో కూర్చుని మాట్లాడి, మిగిలిన గడువును వదులుకోవడానికి ఆమెకు పరిహారమివ్వవచ్చు. ఆ 3 లక్షల్లో కొంత ఆమెకు చేరినా ఇద్దరికీ న్యాయమే. ఆమె గడువుకు విలువ వున్నదని ముందు ఒప్పుకోవాలి. అక్కడే మన సమాజం నోరు పెగలదు.

రెండో అభ్యంతరం మన శిబిరంలోనుంచే వస్తుంది. 1872లో నివాస సమస్యపై రాసిన వ్యాసాల్లో ఎంగెల్స్, అద్దెదారుకూ యజమానికీ వున్న సంబంధాన్ని కార్మికుడికీ పెట్టుబడిదారుకూ వున్న సంబంధంతో పోల్చడం తప్పన్నాడు గదా. కాబట్టి ఇది చిల్లర మధ్యతరగతి గొడవ, వర్గపోరాటం కాదు అంటారు కొందరు పండితులు. ఎంగెల్స్ ఆ మాట అన్నది నిజం. ఎవరితో అన్నాడు? అద్దెదారులందరినీ వాయిదాల మీద ఇంటి యజమానులుగా మార్చివేస్తే సమాజం బాగుపడుతుందని కలలుగన్న ప్రూధాన్ శిష్యులతో అన్నాడు. ఇంటి కొరత పెట్టుబడిదారీ విధానపు ఫలితమనీ, దాని మూలం అక్కడ వెతకాలనీ ఆయన వాదం. గడువున్న అద్దెదారును వీధిలో పడవేస్తుంటే చేతులు కట్టుకుని చూడమని ఆయన ఎక్కడా చెప్పలేదు. కూలి పెంపు సమ్మె కూడా కూలి వ్యవస్థను రద్దు చేయదు. అందుకని సమ్మె వద్దంటామా?

మూడో సంగతి అభ్యంతరం కాదు, మన మరపు. నిజాం రాష్ట్రంలో రైతాంగం ప్రాణాలొడ్డి పోరాడిన తరువాత 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు సాగులోని భూమిని భూస్వామి అమ్మదలిస్తే, ముందు ఆ కౌలుదారుకే రాతపూర్వకంగా తెలియజేసి, అతనికే అమ్మజూపాలని 38-డి సెక్షను శాసించింది. ఆ చట్టం అమలులో ఎంత మోసం జరిగిందో తెలంగాణ పల్లెలకు తెలుసు. అయినా సూత్రం నిలబడింది: భూమి మీద బతుకుతున్నవాడిని అడగకుండా భూమిని అమ్మరాదు. అదే రైతు మనుమడు చదువుకుని పట్నం వచ్చి కిరాయింట్లో దిగితే, తాను వుంటున్న ఇల్లు అమ్ముడుపోయిన వార్త బ్రోకరు ఫోనులో వింటున్నాడు. పొలంలో తాత సాధించినది పట్నంలో మనుమడు పోగొట్టుకున్నాడు. ఎందుకు? తాతకు సంఘం వుండేది. మనుమడికి లేదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణ కుటుంబాల్లో నూటికి 27కు పైగా అద్దె ఇళ్ళలో వున్నట్టు తేలింది. ఇంతమంది వున్నా వారికి గొంతు లేదు. వారందరి కష్టం ఒక్కటీ కాదు. అగ్రవర్ణపు ఉద్యోగి ఇల్లు ఖాళీ చేయవలసివస్తే వారంలో మరో ఇల్లు దొరకవచ్చు. దళితుడికో ముస్లిముకో "మీరేమిట్లు?" అనే ప్రశ్న ప్రతి గుమ్మంలోనూ ఎదురవుతుంది. శాకాహారులకే అన్న బోర్డులు వారికోసమే వేలాడుతుంటాయి. 15 రోజుల నోటీసు అందరికీ 15 రోజులే. కాని అందరి 15 రోజులూ ఒకటి కాదు. లీజు గడువును కాపాడటమంటే ఈ వేటనుంచి కొన్నాళ్ళయినా మనిషికి విరామం ఇవ్వడం.

మన రచయితల సంగతీ చెప్పాలి. కౌలురైతు మీద మన సాహిత్యం గర్వించదగిన రచనలు చేసింది. అద్దె ఇంటిని మాత్రం ఎక్కువగా హాస్యానికే వాడుకున్నది. నీళ్ళ దగ్గర తగాదా, మేకు కొట్టవద్దనే యజమానురాలు, బంధువులు వస్తే మూతి విరుపు. నవ్వుకున్నాం, బాగానే వున్నది. ఆ నవ్వు వెనక ఏ క్షణాన సామాన్లు సర్దుకోవాలో తెలియని భయం వున్నదని ఎంతమందిమి రాశాం? ఇల్లు కట్టినవాడికి సామెత వున్నది. కట్టినవాడింట్లో కాపురమున్నవాడి సామెత ఏదీ?

క్రయదస్తావేజు భాషనే చదవండి. పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అని రాస్తారు. ఆస్తిని ఈ దినమే తమ స్వాధీనపరచినాను అని రాస్తారు. తూర్పున ఎవరి గోడ, పడమట ఏ బజారు అని నాలుగు హద్దులూ చెబుతారు. తలుపులు, కిటికీలు, చెట్టుచేమలు అన్నీ వస్తాయి. లోపల కాపురమున్న మనిషి మాత్రం రాదు. ఆమె పొయ్యి వెలుగుతుండగానే ఇల్లు స్వాధీనపరచినట్లు సంతకాలు పడతాయి. తెలుగులో ఇంతకంటె పెద్ద అబద్ధపు వచనం రోజూ ఇన్ని ప్రతులు వెలువడటం నేనెరుగను.

మరి చేయవలసిందేమిటి? క్రయదస్తావేజులో అద్దెదారు ఎవరు, గడువెంత, అడ్వాన్సెంత అన్న విషయాలు తప్పనిసరిగా రాయాలి. 109వ సెక్షను అడ్వాన్సును పేరుపెట్టి చెప్పలేదు. ఆ సందులోంచే పాత యజమాని కొత్తవాడిని, కొత్తవాడు పాతవాడిని చూపిస్తున్నారు. అడ్వాన్సు బాధ్యత ఇంటితోపాటే కొన్నవాడికి సంక్రమిస్తుందని చట్టంలో స్పష్టంగా రాయాలి. నివాసపు లీజుల రిజిస్ట్రేషన్ నామమాత్రపు రుసుముతో జరగాలి. అమ్మితే ఖాళీ చేయాలన్న షరతు నిర్ణీత గడువున్న లీజుల్లో చెల్లరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందం వుండాలన్నది, నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించరాదన్నది. మంచిదే. కాని అది నమూనా. రాష్ట్రాలు చట్టం చేస్తేనే ప్రాణం వస్తుంది. పైగా గడువు దాటి వున్న అద్దెదారుపై మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతల కిరాయి వేయమంటున్నది. గడువుకు ముందే గెంటే యజమానిపై అంత పదును అందులో కనబడదు.

చట్టం మారేదాకా చేతిలో వున్నవి వదులుకోరాదు. ఇల్లు కొన్నామని ఎవరైనా వస్తే రిజిస్టరయిన దస్తావేజు చూపమనండి. చూపితే కిరాయి వారికే చెల్లించి రసీదు తీసుకోండి. బ్రోకరు ఫోను నోటీసు కాదు. 15 రోజుల నోటీసు ఇచ్చినా, మీరు కదలకపోతే కొన్నవాడు కోర్టుకు పోవలసిందే. తాళం పగలగొట్టే హక్కు అతనికి లేదు. బలవంతంగా వెళ్ళగొడితే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఇల్లెవరిదన్న ప్రశ్న ఆ దావాలో అడ్డురాదు.

హనుమకొండ ఉపాధ్యాయురాలు తాళాలు వెంటనే ఇవ్వలేదు. ఆమెతోపాటు ఇద్దరు తోటి ఉపాధ్యాయినులు వెళ్ళి కొత్త యజమానితో మాట్లాడారు. 27,000 రూపాయల అడ్వాన్సు చేతికొచ్చింది. పిల్లవాడి పరీక్షలయ్యేదాకా వ్యవధి దొరికింది. 22 నెలల గడువు మాత్రం దక్కలేదు. స్టాంపు కాగితం దానిని కాపాడలేకపోయింది. దీనిని విజయమని నేను చెప్పను. ముగ్గురు మనుషులు కలిసి వెళితే ఇంత దక్కింది. వీధివీధికీ అద్దెదారుల సంఘం వుంటే ఎంత దక్కేదో లెక్కవేసుకోండి.

మన మిత్రుడు ఈమధ్య ఒక ఫ్లాటు కొంటున్నారు. అందులో ఒక కుటుంబం కిరాయికి వున్నది. ఖాళీ చేయించి ఇస్తేనే బయానా ఇస్తానని ఆయన షరతు పెట్టారని విన్నాను. వచ్చే సభలో ఆయన ఆస్తి సంబంధాల గురించి మాట్లాడతారు. వినడానికి నేను తప్పక వెళతాను. ఉపన్యాసమయ్యాక ఒక్క ప్రశ్న అడుగుతాను: ఆ కుటుంబానికి గడువు ఇంకా ఎన్ని నెలలున్నది?